కనిపించని సరుకుకు కంప్యూటర్ కాటా
విశ్వం బరువు తేల్చే లెక్కలో ‘హాలో’ల పాత్ర

సంగారెడ్డి: పటాన్‌చెరు, ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది... సంగారెడ్డి దాకా ముంబయి రహదారి వెంట రాత్రిపూట ఎటు చూసినా దీపాలే. ఫ్యాక్టరీల దీపాలు, దాబాల దీపాలు, లారీల దీపాలు. విమానంలో పోయే మనిషి ఈ దీపాలను లెక్కపెట్టి, ఏ పక్క ఎంత జనం ఉన్నారో చెప్పదలచుకున్నాడనుకుందాం. తప్పులో కాలేసినట్టే. పట్నంలో మనిషికి పది దీపాలుంటాయి. రోడ్డు దిగి లోపలికి పోతే ఇంటికొకటి వెలుగుతుంది, అదీ తొమ్మిది దాటితే ఆరిపోతుంది. జనం రెట్టింపు ఉన్నచోట దీపాలు నాలుగు రెట్లు కనిపిస్తాయి. జనం పలచగా ఉన్నచోట అసలు ఎవరూ లేరనిపిస్తుంది. దీపాలు జనాన్ని చూపిస్తాయి, కాని ఉన్నదున్నట్టు చూపించవు.

విశ్వాన్ని తూచబోయిన శాస్త్రజ్ఞులకు ఎదురైన చిక్కు సరిగ్గా ఇదే. ఆకాశంలో వెలిగే గెలాక్సీలు మన దీపాల వంటివి. వాటి వెనుక చీకట్లో ఉన్న అసలు సరుకు ఎంతో తేలాలంటే, దీపాలు ఎంత ఎక్కువ చేసి చూపిస్తున్నాయో ముందు తెలియాలి. ఆ లెక్క తేల్చడానికి వారు కంప్యూటర్‌లోనే ఒక నకలు విశ్వాన్ని తయారుచేసుకుంటున్నారు.

ఈ సంగతి మన జిల్లాకు దూరమైనదేమీ కాదు. 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో తాత్కాలికంగా మొదలై, 2015లో కంది దగ్గరి 576 ఎకరాల సొంత ఆవరణకు మారిన హైదరాబాద్ ఐఐటీలో ఈ కోవకు చెందిన పరిశోధన సాగుతోంది. భౌతికశాస్త్ర విభాగం ఆచార్యుడు శంతను దేశాయ్, ఆయన విద్యార్థులు గెలాక్సీల గుంపులను, వాటిని చుట్టుకొని ఉన్న చీకటి సరుకును గురించి వ్యాసాలు ప్రచురించారు. జాతీయ సూపర్ కంప్యూటింగ్ పథకం కింద ఈ సంస్థకు ‘పరమ్ సేవ’ అనే కంప్యూటర్ వచ్చింది. సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు చేయగల సత్తా దానిది.

ఏమిటీ చీకటి సరుకు?

శాస్త్రజ్ఞులు దీనిని కృష్ణ పదార్థం అంటారు. ఇది వెలుగు ఇవ్వదు, వెలుగును అడ్డుకోదు, చేతికి తగలదు. బరువు మాత్రం ఉంది. ఆ బరువును బట్టే దాని ఉనికి బయటపడింది. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ అనే స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు ‘కోమా’ అనే గెలాక్సీల గుంపును పరిశీలించాడు. అందులోని గెలాక్సీలు అంత వేగంతో తిరుగుతూ కూడా చెదిరిపోకుండా ఉండాలంటే కనిపించే పదార్థం బరువు చాలదని లెక్కగట్టాడు. 1970 దశకంలో అమెరికా శాస్త్రజ్ఞురాలు వెరా రూబిన్ ఒక్కొక్క గెలాక్సీలోనూ ఇదే తీరు ఉందని చూపించింది. గెలాక్సీ అంచున ఉన్న నక్షత్రాలు నెమ్మదిగా తిరగాల్సింది పోయి, లోపలి వాటితో సమానంగా పరుగెత్తుతున్నాయి. వాటిని పట్టి ఉంచే బరువేదో కంటికి కనబడకుండా ఉంది.

నేటి లెక్కల ప్రకారం మట్టి, నీరు, గాలి, సూర్యుడు, నక్షత్రాలు అన్నీ కలిపి ఒక పాలు అయితే, కృష్ణ పదార్థం ఐదు పాళ్లకు పైగా ఉంది. అది దేనితో తయారైందో ఇంతవరకు తేలలేదు. ఎంత ఉంది, ఎక్కడెక్కడ ఉంది అన్నది మాత్రం తేలుతోంది.

ఈ చీకటి సరుకు విశ్వమంతా సమానంగా పరచుకొని లేదు. తన బరువుకు తానే ఒకచోటికి చేరి కుప్పలు పడుతుంది. ఆ కుప్పకు ‘హాలో’ అని పేరు. చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టిందని మన పెద్దలు అంటారు కదా, దానికి ఇంగ్లీషులో ఉన్న పేరే ఇది. అయితే వరదగుడి వలయంలా ఉంటుంది. కృష్ణ పదార్థపు హాలో మాత్రం నడుమ చిక్కగా, అంచుల్లో పలచగా ఉండే ఉండ వంటిది. ప్రతి గెలాక్సీ ఇలాంటి ఒక కుప్ప నడుమ కూర్చొని ఉంటుంది. మన సూర్యుడు ఉన్న పాలపుంతను చుట్టుకొని ఉన్న హాలో బరువు దాదాపు లక్ష కోట్ల సూర్యుళ్ల ఎత్తు. వందలాది గెలాక్సీలు ఉన్న పెద్ద గుంపుల హాలోలు దీనికి వంద రెట్ల నుంచి వెయ్యి రెట్ల దాకా బరువు తూగుతాయి.

చెరువు ఎండితే ముందు తేలేదేది?

గెలాక్సీల పెద్ద గుంపులు విశ్వంలో ఒకదాని పక్కన ఒకటి మరీ ఎక్కువగా చేరి ఉన్నాయి. మామూలు గెలాక్సీలు అంతగా చేరిలేవు. రెండూ ఒకే చీకటి సరుకు నుంచి పుట్టినప్పుడు ఈ తేడా ఎందుకు? ఈ ప్రశ్నకు 1984లో నిక్ కైజర్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జవాబు చెప్పాడు. ఆ జవాబు చెరువు ఉన్న ప్రతి ఊరివారికీ అర్థమయ్యేదే.

చెరువు అడుగు ఎక్కడా చదునుగా ఉండదు. ఒక పక్క మెరక, ఒక పక్క పల్లం. ఆ మెరక మీద, ఆ పల్లంలో కూడా చిన్న చిన్న దిబ్బలుంటాయి. ఎండాకాలంలో నీరు తగ్గుతూ వస్తుంటే ముందుగా తేలేవి ఏవి? మెరక మీది దిబ్బలే. అంతే ఎత్తు దిబ్బ పల్లంలోనూ ఉంటుంది, అది నీటి కిందే ఉండిపోతుంది. ఒడ్డున నిలబడి తేలిన దిబ్బలను మాత్రమే చూసేవాడికి దిబ్బలన్నీ ఒకే చోట గుంపుగా కనిపిస్తాయి. మెరక నిజానికి జానెడే ఉండవచ్చు. తేలిన దిబ్బల లెక్క మాత్రం పది రెట్లు తేడా చూపుతుంది. నీరు ఎంత ఎక్కువగా ఉంటే ఈ తేడా అంత ఎక్కువ, ఎందుకంటే అప్పుడు అన్నిటికంటే ఎత్తైన మెరక మీది దిబ్బలే పైకి వస్తాయి.

విశ్వంలోనూ అంతే. పుట్టుకలో పదార్థం కాస్త ఎక్కువ పడిన ప్రాంతం మెరక వంటిది. అక్కడ బరువైన హాలో తయారు కావడం సులువు. పదార్థం తక్కువ పడిన చోట అంత బరువు కుప్ప చేరడం కష్టం. అందువల్ల హాలోలు పదార్థపు హెచ్చుతగ్గులను పెంచి చూపిస్తాయి. ఎన్ని రెట్లు పెంచి చూపిస్తాయో చెప్పే అంకెను శాస్త్రజ్ఞులు ‘బయాస్’ అంటారు. మన మాటలో మొగ్గు అనవచ్చు. మొగ్గు రెండు అంటే, ఒక పెద్ద ప్రాంతంలో పదార్థం సగటు కంటే నూటికి 10 పాళ్లు ఎక్కువ ఉన్నప్పుడు హాలోలు నూటికి 20 పాళ్లు ఎక్కువ కనిపిస్తాయన్నమాట.

74 దీపాలతో మొదలు

ఈ మొగ్గును ఆకాశంలో నేరుగా కొలవడం కష్టం. కొలవాలంటే కనిపించే కుప్పలూ తెలియాలి, కనిపించని సరుకూ తెలియాలి. రెండోది తెలియకనే కదా ఈ తంటా. జనాభా విషయంలో దీపాలు మోసం చేస్తే ఇంటింటికీ పోయి తలలు లెక్కపెట్టవచ్చు. చీకటి సరుకుకు జనాభా లెక్కలు లేవు. అందుకే నకలు విశ్వం అవసరమైంది. అందులో ప్రతి గింజా మనం పోసినదే గనుక ఎక్కడ ఎంత ఉందో పైసాతో సహా తెలుస్తుంది.

నకలు తయారుచేసే ఆలోచన కంప్యూటర్ రాక ముందటిదే. 1941లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఎరిక్ హోంబెర్గ్ 74 విద్యుద్దీపాలను బల్ల మీద పరచి రెండు గెలాక్సీలుగా భావించాడు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు అవుతుంది. గురుత్వాకర్షణ కూడా అంతే. కాబట్టి ఒక్కొక్క చోట పడే వెలుగును కొలిచి, దానినే ఆకర్షణగా లెక్కవేసి, దీపాలను కొద్దికొద్దిగా జరుపుకుంటూ పోయాడు.

ఇప్పుడు ఆ పని కంప్యూటర్ చేస్తోంది. విశ్వం వయస్సు 1,380 కోట్ల సంవత్సరాలు. అది పుట్టిన 3,80,000 సంవత్సరాలకు బయలుదేరిన పాత వెలుగు ఇప్పటికీ మనకు అందుతోంది. దాన్ని కొలిచిన ఉపగ్రహాలు ఆనాటి హెచ్చుతగ్గులు లక్షకు ఒక వంతు మాత్రమేనని తేల్చాయి. ఆ హెచ్చుతగ్గులనే ఆధారం చేసుకొని ఒక ఊహా పెట్టెలో గింజలు పరుస్తారు. ప్రతి గింజను మిగతా గింజలన్నీ ఎంత లాగుతాయో లెక్కవేసి కొంచెం జరుపుతారు. మళ్లీ లెక్క, మళ్లీ జరపడం. ఇలా అంచెలంచెలుగా ఈనాటి దాకా వస్తారు. మొదట చదునుగా పరచిన గింజలు చివరికి దారాలుగా, గూళ్లుగా, కుప్పలుగా చేరతాయి.

2005లో జర్మనీలోని గార్కింగ్ కంప్యూటర్‌పై నడిచిన ‘మిలీనియం’ నకలులో వెయ్యి కోట్లకు పైగా గింజలున్నాయి. పెట్టె ఒక్కో పక్క 200 కోట్ల కాంతి సంవత్సరాలకు మించి ఉంది. ఒక్కో గింజ బరువు వంద కోట్ల సూర్యుళ్ల పైమాటే. దాదాపు నెల రోజులు ఆ యంత్రం ఇదే పని చేసింది. 2021లో అమెరికావారు విడుదల చేసిన ‘అబాకస్ సమ్మిట్’ నకళ్లన్నిటిలోనూ కలిపి గింజలు 60 లక్షల కోట్లు.

ఊరేది, శివారేది?

గింజలు చేరిన తర్వాత ఏది ఒక కుప్ప, ఏది వేరే కుప్ప అన్నది తేల్చాలి. ఊరికీ శివారు తండాకూ హద్దు పెట్టడం వంటిదే ఇది. ఇల్లు ఇల్లు ఆనుకొని ఉన్నంతవరకు ఒకే ఊరు. మధ్యలో పొలాలు వస్తే అవతలిది వేరే ఊరు. కంప్యూటర్‌కూ ఇదే సూత్రం చెబుతారు. గింజల మధ్య ఉండే సగటు దూరంలో ఐదో వంతు కంటే దగ్గరగా ఉన్న రెండు గింజలు చుట్టాలు. చుట్టం చుట్టం కూడా చుట్టమే. ఈ వరస తెగిపోయేంతవరకు ఉన్నదంతా ఒక హాలో. ఈ పద్ధతికి శాస్త్రజ్ఞులు ‘స్నేహితుల స్నేహితులు’ అనే పేరే పెట్టుకున్నారు. దీనితోపాటు సగటు కంటే 200 రెట్లు చిక్కగా ఉన్నంత మేరకు హాలో అని గిరి గీసే పద్ధతి కూడా వాడుకలో ఉంది.

ఇక కొలత. పెట్టెను పెద్ద పెద్ద గదులుగా విభజిస్తారు. ఒక్కో గదిలో మొత్తం గింజలెన్ని, హాలోలెన్ని అని విడివిడిగా లెక్కిస్తారు. గింజలు సగటు కంటే కొంచెం ఎక్కువైన గదుల్లో హాలోలు ఎంత ఎక్కువయ్యాయో చూస్తే మొగ్గు తేలిపోతుంది.

మరో పద్ధతి పటాన్‌చెరు ప్రాంతంవారికి బాగా తెలిసినట్టు అనిపిస్తుంది. 1972లో ఇక్కడ వెలసిన ఇక్రిశాట్‌లో జొన్న, శనగ, కంది పంటల ప్రయోగాలు చేస్తుంటారు. పంట మీద నీటి ప్రభావం తెలియాలంటే పక్కపక్క మడుల్లో ఒకే విత్తనం, ఒకే ఎరువు వేసి, నీరు మాత్రం ఒక మడికి కాస్త ఎక్కువ పెట్టడమే మార్గం. దిగుబడిలో తేడా వస్తే అది నీటి వల్లనే. విశ్వం విషయంలోనూ రెండు నకళ్లు నడుపుతారు. మొదటి పరుపు రెండింటికీ ఒకటే. దానిని నిర్ణయించే అంకెను కంప్యూటర్‌వారు కూడా ‘విత్తనం’ అనే పిలుస్తారు. ఒక నకలులో మాత్రం పదార్థం అంతటా పిసరంత ఎక్కువ పోస్తారు. దానివల్ల హాలోలు ఎన్ని పెరిగాయో లెక్కపెడితే, అదే మొగ్గు. 2016లో ఈ పద్ధతిపై వచ్చిన కొలతలు చాలా కచ్చితమైనవిగా పేరు పొందాయి.

లెక్క ఏం తేల్చింది?

ఈ కొలతల సారాంశం ఇది. నేటి విశ్వంలో చిన్న హాలోల మొగ్గు ఒకటి కంటే తక్కువ. అంటే అవి పలచని చోట్ల కూడా ఉంటాయి, హెచ్చుతగ్గులను తగ్గించి చూపుతాయి. మన పాలపుంతంతటి హాలోల మొగ్గు ఒకటికి దగ్గర. అవి దాదాపు ఉన్నదున్నట్టు చూపుతాయి. పాలపుంతకు వంద రెట్ల పైబడిన గుంపుల మొగ్గు రెండు దాకా ఉంటుంది. మరీ భారీ గుంపులకు అది నాలుగు కూడా దాటుతుంది. ఒకే బరువు హాలో పాతకాలంలో ఇంకా ఎక్కువ మొగ్గు చూపుతుంది, ఎందుకంటే అప్పటికి అంత బరువు కుప్పలు తయారు కావడం అరుదు.

లెక్క ఇక్కడితో ముగిసిపోలేదు. 2005లో మిలీనియం నకలును పరిశీలించినవారికి మరో విశేషం కనిపించింది. బరువు ఒకటే అయినా ముందుగా తయారైన చిన్న హాలోలు, ఆలస్యంగా తయారైన వాటికంటే ఎక్కువగా చేరి ఉన్నాయి. సమానమైన భూమి ఉన్న రెండు కుటుంబాల్లో పాత కాపు ఇల్లు ఊరి నడుమ, కొత్తగా వచ్చినవారి ఇల్లు ఊరి చివర ఉన్నట్టు. బరువుతోపాటు పుట్టిన కాలాన్నీ లెక్కలోకి తీసుకోవలసి వస్తోంది.

కాటా తేడా తెలియకపోతే నష్టం

ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. మార్కెట్ యార్డుకు ధాన్యం తీసుకెళ్లే రైతుకు దీని అవసరం చెప్పనక్కరలేదు. కాటా క్వింటాల్‌కు రెండు కిలోలు తేడా చూపుతుందని ముందే తెలిస్తే ఆ రెండు కిలోలు కలుపుకొని లెక్క వేసుకోవచ్చు. నష్టం లేదు. తేడా ఉందని తెలిసి, ఎంతో తెలియకపోతేనే నష్టం.

గెలాక్సీల పటం చూపేది రెండు అంకెల గుణకారం. పదార్థం నిజంగా ఎంతగా గడ్డకట్టింది అన్నది ఒక అంకె, గెలాక్సీల మొగ్గు ఎంత అన్నది రెండోది. పదార్థం ఎక్కువగా గడ్డకట్టి, మొగ్గు తక్కువగా ఉన్నా పటం అలాగే కనిపిస్తుంది. పదార్థం తక్కువ గడ్డకట్టి, మొగ్గు ఎక్కువగా ఉన్నా అలాగే కనిపిస్తుంది. రెండింటినీ విడదీయలేకపోతే విశ్వంలో సరుకెంత, అది ఎంత వేగంగా కుప్పపడుతోంది, విశ్వం వ్యాకోచం దానిని ఎంతవరకు అడ్డుకుంటోంది అన్నవన్నీ తప్పుగా తేలుతాయి.

ఇప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరమైంది. అమెరికాలోని అరిజోనా కొండ మీద 2021లో పని మొదలుపెట్టిన ‘దేశి’ అనే పరికరం ఒకేసారి 5,000 గెలాక్సీల వెలుగును పట్టగలదు. అబాకస్ సమ్మిట్ నకళ్లు ప్రధానంగా దీని కోసం తయారైనవే. ఐరోపావారు 2023 జూలై 1న ‘యూక్లిడ్’ దూరదర్శినిని అంతరిక్షంలోకి పంపారు. ఆకాశంలో మూడో వంతు భాగాన్ని పటం గీయడం దాని పని. గెలాక్సీల సంఖ్య తక్కువగా ఉన్న రోజుల్లో కాటాలో చిన్న తేడా ఉన్నా పట్టింపు లేకపోయింది. కోట్ల గెలాక్సీలు తూచేటప్పుడు చిన్న తేడాయే పెద్ద తప్పు అవుతుంది.

కంప్యూటర్ చెప్పింది గుడ్డిగా నమ్మడం లేదు. బరువున్న కుప్ప పక్క నుంచి వచ్చే వెలుగు కొంచెం వంగుతుంది. ఆ వంపును కొలిస్తే కనిపించే సరుకుతోపాటు కనిపించనిదీ తూకానికి వస్తుంది. ఈ తూకాన్నీ నకలు విశ్వం ఇచ్చిన లెక్కనూ పక్కపక్కన పెట్టి సరిచూస్తున్నారు. రెండు కాటాలు ఒకే మాట చెబితేనే ఒప్పుకోవడం మంచి వ్యాపారి లక్షణం కూడా.

బడిలో చేసి చూడవచ్చు

ఆకాశాన్ని ఓపికగా లెక్కపెట్టే పని మన గడ్డకు కొత్త కాదు. 1901లో మొదలైన హైదరాబాద్ నిజామియా వేధశాల, అంతర్జాతీయ ఆకాశ పటంలో తన వంతుగా నాలుగు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను లెక్కగట్టింది. ఆనాడు గాజు పలకల మీద చుక్కలు లెక్కపెట్టారు. ఈనాడు కంప్యూటర్‌లో గింజలు లెక్కపెడుతున్నారు.

ఈ లెక్కలో ముఖ్య సూత్రాన్ని జిల్లాలోని ఏ బడి పిల్లలయినా గంటలో చేసి చూడవచ్చు. ఖర్చు లేదు. ఒక వెడల్పాటి పళ్లెంలో తడి ఇసుక పోసి, ఒక పక్క కొద్దిగా మెరక చేయాలి. దానిమీద అంతటా ఒకే తీరుగా చిటికెడు చిటికెడు ఇసుకతో ఎత్తులో హెచ్చుతగ్గులున్న దిబ్బలు పెట్టాలి. దిబ్బలు మునిగేదాకా నెమ్మదిగా నీరు పోసి, తర్వాత గ్లాసుతో కొద్దికొద్దిగా తోడుతూ, తేలిన దిబ్బలను రెండు పక్కలా లెక్కపెట్టి పలక మీద రాసుకోవాలి. మొదటి గ్లాసు తోడినప్పుడు ఒక పక్కకే ఉన్న లెక్క, పదో గ్లాసు నాటికి రెండు పక్కలా సమానానికి దగ్గరగా వస్తుంది. నీరు ఎంత ఉంటే తేడా ఎంత అన్నది పిల్లలే పట్టిక వేసి చెప్పగలుగుతారు. పళ్లెం అడుగున మెరక ఎంత ఎత్తు పెట్టారో చూడని పిల్లవాడిని పిలిచి, ఆ పట్టికను చూపి ఎత్తు ఎంతో చెప్పమంటే శాస్త్రజ్ఞులు చేస్తున్న పనే చేయించినట్టవుతుంది.